చిన్న టర్బో తరఫున

మే 6, మంగళవారం

పది రోజుల కోసమని చిల్లకూరు వచ్చాను. చెల్లెలు డెబోరా తన షెడ్డు వెనక గదిలో మంచం వేసి, ఫ్యాను రెక్కలు తుడిచి పెట్టింది. ఎందుకొచ్చావని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. జవాబు బస్సులోనే తయారు చేసుకున్నాను. మా హక్కుల సంఘం కోసం పద్దెనిమిదేళ్ళు నడిపిన పత్రిక సంపాదకత్వానికి రాజీనామా చేశాను. నేనే చేశాను. సంఘంలో ఒక్కడు నిజం మాట్లాడితే మిగతా పన్నెండు మందికీ నడుం నొప్పి వస్తుంది, సమావేశం వాయిదా పడుతుంది. అలాంటి చోట ఉండడం నాకే అవమానం.

షెడ్డు హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద ఉంది. రోజంతా లారీల మోత. డెబోరా కృష్ణపట్నం రేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర తొమ్మిదేళ్ళు టిప్పర్ల ఇంజన్లు విప్పి బిగించింది. మూడేళ్ళ కింద ఇది సొంతంగా పెట్టుకుంది. నలభై ఐదేళ్ళు దానికి, నాకంటే పదేళ్ళు చిన్న. రిపేరుకు వచ్చిన బండ్ల మధ్య ఒక తెల్ల కారు మాత్రం కవరు కప్పుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ఏ షావుకారు కొడుకుదో అనుకుని నాలుగు మాటలు అన్నాను.

డెబోరాదట.

మే 9

చిన్న కారే. వెయ్యి సీసీ ఇంజను, మూడే సిలిండర్లు, టర్బో ఉంది. జూలై 6న చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌లో పోటీ. ఒక్కొక్కరే ట్రాకు చుట్టి రావాలి, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళు ముందు. ఆడవాళ్ళ విభాగంలో పోయినేడు డెబోరాది ఆరో స్థానం. ఈసారి మొదటి ముగ్గురిలో ఉండాలని పట్టు. ఎందుకు అని అడిగాను.

"రావాలని," అంది.

ఇది సమాధానం కాదని చెప్పాను. టిప్పర్ల వేగం మీద ఇరవై వ్యాసాలు రాసినవాడి చెల్లెలు వేగం కోసం పోటీ పడుతోందంటే జనం ఏమనుకోవాలి? జనం చదవలేదులే అన్నా, అంది. నిజమే కావచ్చు. కానీ అది వాదన కాదు.

"వేగం ఒక మత్తు" అని వ్యాసం మొదలుపెట్టాను. దానికోసం ఈ కారు సంగతి కొంత తెలుసుకోవాలి. వ్యాసం కోసమే.

మే 12

తెలుసుకున్నది: ఇంజను వదిలే పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని పీల్చి, అదిమి ఇంజనులోకి కొడుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. అదే టర్బో. నిమిషానికి లక్షన్నర చుట్లు పైనే తిరుగుతుందట. పారబోసే పొగ నుంచే బలం. వినగానే నాకు ఎవరి మీదో గొప్ప కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తేలలేదు.

కంపెనీ బిగించిన టర్బో డెబోరాకు చాలడం లేదు. రెండు దారులున్నాయి. ఉన్న టర్బోనే చెన్నై పంపి, లోపల కాస్త పెద్ద చక్రాలు పట్టేలా కోయించి తెచ్చుకోవడం ఒకటి. చూపులకు అదే టర్బో, అదే చోట కూర్చుంటుంది, ఇంజను తక్కువ చుట్ల దగ్గరే బలం ఇస్తుంది. రెండోది, దాన్ని తీసేసి ఒక సైజు పెద్ద టర్బో పెట్టడం. దానికి గొట్టాలు మార్చాలి, కంప్యూటరుతో పెట్రోలు లెక్కలు మొత్తం మళ్ళీ సరిచేయాలి. పైగా ఇంజను నాలుగువేల చుట్లు దాటితే గానీ అది నిద్ర లేవదు.

డెబోరా మనసు పెద్దదాని మీద ఉంది. చెల్లెలు ఇంకా చెప్పడం పూర్తి చేయకముందే నేను చిన్నదాని పక్షం తీసుకున్నాను.

మే 13

చిన్న కమతం, చిన్న పడవ, చిన్న పత్రిక. ముప్పై ఏళ్ళుగా నేను నిలబడ్డది వీటి వైపే. పెద్దది ఏదైనా మొదట చెప్పే మాట ఒక్కటే: కొంచెం ఆగండి, తర్వాత అందరికీ బలం వస్తుంది. ఆ నాలుగువేల చుట్ల దాకా ఇంజను ఆకలితో ఉండాలట. ఇది నేను ఎక్కడో విన్న సిద్ధాంతమే. ఇదంతా షెడ్డులో నిలబడి చెప్పాను.

వినడానికి పెంచలకృష్ణ ఉన్నాడు. రిటైరైన టిప్పర్ డ్రైవరు, రోజూ పేపరు చదవడానికి వచ్చి పన్నెండు దాకా కూర్చుంటాడు. పేపరు మడిచి, "సార్, మీరు ఎలక్షన్లో నిలబడుండాల్సింది. ఓడిపోయినా మైకు మీ చేతిలోనే ఉండుండేది," అన్నాడు.

డెబోరా పానా బల్ల మీద పెట్టింది. "ట్రాకు మీద నేను నాలుగువేలకి కిందికి దిగనే దిగనన్నా. కింద అది ఎంత లాగితే నాకేంది?"

బతుకంతా ట్రాకు కాదు అన్నాను. పెంచలకృష్ణ తొడ చరిచాడు. డెబోరా నవ్వి మళ్ళీ పానా అందుకుంది. నేను గెలిచానా లేదా అన్నది సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను.

మే 16

పది రోజులు అయ్యాయి. ఇంకో వారం.

మే 18, ఆదివారం

డెబోరా చర్చికి పోయింది. పెరుగు తేవడానికి తెల్ల కారు తీసుకెళ్ళాను. గంటన్నర పట్టింది. ఎదురుగా ఉన్న కొట్టులో పెరుగు పులుపు.

మే 21

టర్బోకి ఒక పటం ఉంటుంది. సముద్రం లోతు చూపించే పటంలాగా వంకర గీతలు, ఒకదానిలో ఒకటి ఇమిడి. నడుమ ఉన్న చిన్న గుండ్రంలో పనిచేస్తే గాలి చల్లగా, నిబ్బరంగా వస్తుంది. అంచులకి పోతే వేడెక్కుతుంది. చిన్న టర్బోను ఎక్కువ తోలితే అంచు దాటిపోతుందట. మా ఎండల్లో గాలి మొదటే కుతకుతలాడుతుంటుంది కాబట్టి ఇంకా తొందరగా దాటుతుంది. ఇది డెబోరా వాదన. బాగుంది. కానీ అంచున ఉన్నవాణ్ణి అంచున ఉన్నాడని తప్పు పట్టడం ఏం న్యాయం?

రాసిన తర్వాత చదివాను. ఇది వాక్యంగా గొప్పగా ఉంది. టర్బోకి వర్తిస్తుందా? వర్తిస్తుంది. ఎందుకు వర్తించదు?

ఇంజను లోపల పిస్టన్లను పట్టి నడిపే రాడ్ల గురించి కూడా డెబోరా చాలాసేపు చెప్పింది. నేను అప్పటికే జవాబు సిద్ధం చేసుకుంటున్నాను.

ఈ ఇంజను ఒక్కటే ఉంది దానికి. పోతే ఇంకోటి లేదు. ఆ మాట మాత్రం విన్నాను. అందుకే చిన్నది అంటున్నాను. చిన్నది క్షేమం. ఇది మూఢురాలికీ అర్థమయ్యే సంగతి. నా చెల్లెలికి ఎందుకు అర్థం కాదు?

మే 26, సోమవారం

పొద్దున సంఘం నుంచి ఫోనుకు ఒక కాగితం ఫోటో వచ్చింది. నన్ను బహిష్కరించారట. రాజీనామా చేసినవాణ్ణి ఎలా బహిష్కరిస్తారు? తర్కం తెలియని మనుషులు. కింద పదకొండు సంతకాలు. జీవానందం సంతకం కూడా ఉంది. వాడికి రాయడం నేర్పింది నేను. సంతకం కూడా నేను నేర్పినట్టే పెట్టాడు, కింద గీత గీసి.

నాకేమీ అనిపించలేదు. మధ్యాహ్నం భోజనం బాగా చేశాను.

భోజనం దగ్గర, చిన్న టర్బో తరఫున నేను రాసిన పద్నాలుగు పేజీల పత్రం డెబోరా ముందు పెట్టాను. ఎడమ చేత్తో పేజీలు తిప్పుతూ అంతా చూసింది. కాసేపు నా వైపు చూసింది.

"సరే అన్నా. చిన్నదే పెడదాం."

గెలిచాను.

మే 27

ఆ "సరే" ఎక్కడో విన్నాను. ఇదే గొంతు. గుర్తు రావడం లేదు.

మే 30

గుర్తొచ్చింది. 1998. డెబోరాకు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ సీటు వచ్చింది. నేను మూడు రోజులు మాట్లాడాను. పెట్టుబడికి పనిముట్లు బాగుచేసే పనికన్నా పిల్లలకు చదువు చెప్పడం మేలని. "సరే అన్నా" అంది. టీచరు ట్రైనింగు చేసి, పదమూడేళ్ళు బడిలో పాఠం చెప్పి, ముప్పై మూడో ఏట రేవులో స్టోరుకీపరుగా చేరి, స్టోరులోంచి ఇంజన్ల దగ్గరికి నడుచుకుంటూ పోయింది.

ఆ సంగతి వేరు.

జూన్ 9, సోమవారం

టర్బో చెన్నై నుంచి తిరిగొచ్చింది. కొబ్బరికాయంత ఉంటుంది. చేతిలోకి తీసుకుని వేలితో చక్రం తిప్పాను. చడీ చప్పుడూ లేకుండా చాలాసేపు తిరిగింది. ఇంత చిన్నదాన్ని చూసి భయపడతారా ఎవరైనా? చిన్నదాని మీద జనానికి ఉన్న అపనమ్మకం గురించి ఒక పేరా రాసుకున్నాను.

జూన్ 11

బిగించడం అయింది. సిలిండర్లు గాలిని ఎంత ఒత్తిడితో అదుముతున్నాయో డెబోరా మీటరు పెట్టి చూసింది. మూడింటిలోనూ నూటడెబ్బై ఐదుకు అటూ ఇటూ. ఇంజను ఆరోగ్యానికి అదే నాడి. మూడూ సమానంగా ఉండాలి.

సాయంత్రం కారులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిల్లకూరు దాటించింది. రెండువేల చుట్లకే వీపు సీటుకు అతుక్కుపోయింది. "చూశావా?" అన్నాను. "చూస్తున్నా," అంది. చూసింది మీటర్ల వైపు.

స్టీరింగు పక్కన తెల్ల టేపు అంటించి దాని మీద రాసి పెట్టింది: మూడువేల లోపు గట్టిగా తొక్కరాదు. చిన్న టర్బోకి కూడా ఈ ఆంక్షలేమిటో. కొత్త మోజు మీద జాగ్రత్త ఎక్కువ.

జూన్ 13, శుక్రవారం

పెరుగు.

నేను ఎప్పుడూ పై గేరులోనే తోలుతాను. పెట్రోలు తక్కువ తాగుతుంది, పొగ తక్కువ వస్తుంది. ముప్పై ఏళ్ళ నియమం. ఐదో గేరులో నెమ్మదిగా పోతూ ఉంటే ముందు పొట్టు లోడు ట్రాక్టరు వచ్చింది. దాటడానికి తొక్కాను. కారు ఒక క్షణం మూలిగి, తర్వాత ఎవరో వెనక నుంచి ఎత్తి విసిరినట్టు దూకింది. ఆ మూలుగులో చిన్న శబ్దం. మూకుట్లో పేలాలు పేలినట్టు.

కొత్త సామాను. సర్దుకుంటూ ఉంటుంది.

జూన్ 15, ఆదివారం

మళ్ళీ అదే శబ్దం. అందులో ఒక తమాషా ఉంది. ఏమీ లేని చోటు నుంచి బలం రావడం. తొక్కిన క్షణం నుంచి అది వచ్చే క్షణం దాకా మనిషి ఏమీ ఆలోచించడు. సంఘం గుర్తు రాదు, జీవానందం సంతకం గుర్తు రాదు.

వ్యాసం ముందుకు కదలడం లేదు.

జూన్ 16

ఈసారి శబ్దం గట్టిగా. ఇంక కారు తీయను.

జూన్ 18, బుధవారం

డెబోరా మీటరు పెట్టి చూసింది. ఒకటి, మూడు సిలిండర్లు ఉన్నట్టే ఉన్నాయి. నడిమిది నూటయాభై ఐదు. ప్లగ్గు తీసి, నూనె చుక్కలు వేసి, మళ్ళీ చూసింది. నూటయాభై ఐదే.

"పెట్రోలు లెక్క నేనే తప్పు రాసుంటాను," అంది, ఎవరితోనూ కాదు.

జూన్ 20

చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? టర్బో వల్లో, టేపు మీద రాసిన దాని వల్లో, ఎండ వల్లో, నాకేం తెలుసు?

జూన్ 22, ఆదివారం

ల్యాప్‌టాప్ ముందేసుకుని లెక్కలు మూడోసారి తిరగరాసింది. ఇంజను చప్పుడు కాస్త మారిందని పెంచలకృష్ణ అంటాడు. టిప్పరు రోజుల సంగతి ఒకటి చెప్పాడు. బరువు మీద ఉన్న బండిని పై గేరులో, తక్కువ వేగంలో తొక్కితే ఇంజను లోపల పేలాలు పేలతాయట. అలా తోలినవాణ్ణి వాళ్ళ ఫోర్‌మన్ వారం రోజులు బండి ఎక్కనిచ్చేవాడు కాదట. "మన డెబోరమ్మ అట్టా తోలదు కదా," అన్నాడు.

డెబోరా అలా తోలదు అని నేనూ అన్నాను. అబద్ధం కాదు.

జూన్ 24

చెప్పకపోవడానికి నాకున్న కారణాలు బలమైనవే. కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. మూడుసార్లు తొక్కితే ఇనుము వంగుతుందంటే ఆ ఇనుము తయారు చేసినవాణ్ణి అనాలి. పైగా ఇప్పుడు చెబితే పోటీకి పన్నెండు రోజుల ముందు దాని ధైర్యం దెబ్బతింటుంది. మనిషి ధైర్యం ముఖ్యమా, సమాచారం ముఖ్యమా?

దాని ధైర్యం ఎలా ఉందో పొద్దున చూశాను. నరేంద్రబాబు అనే ఆయన పాల వ్యాను క్లచ్ పనికి తెచ్చాడు. రెండేళ్ళ ఖాతాదారు. డెబోరా చేతులు తుడుచుకుంటూ నిలబడి, "ఇప్పుడు నేను చేయలేను సార్, గూడూరులో ఇంకెవరికన్నా చూపించండి," అని పంపేసింది. ఆయన పోయాక తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

నిన్న కూడా, ఒక ఆటో చక్రం బోల్టులు బిగించి, మూడుసార్లు వెనక్కి వెళ్ళి తడిమి చూసింది. నాలుగోసారి వెళ్ళబోయి ఆగింది.

జూన్ 27

నడిమిది నూటనలభై. నేను చిన్నదాని పక్షం ఎందుకు తీసుకున్నానో పత్రం తీసి మళ్ళీ చదివాను. పద్నాలుగు పేజీల్లో ఒక్క చోట కూడా డెబోరా పేరు లేదు. ట్రాకు అన్న మాట ఒకే ఒక్కసారి ఉంది, అది కూడా పోలికగా.

వాక్యాలు మాత్రం బాగున్నాయి.

జూన్ 29, ఆదివారం

జరిగింది వరసగా రాస్తాను.

చర్చి అయ్యాక పాస్టరు గారి భార్య రెజీనా వచ్చింది. ఈవిడతో నాకు పాత తగువు. ప్రార్థనతో వానలు పడవని ఒకప్పుడు వాళ్ళింట్లోనే కూర్చుని గంటసేపు నిరూపించాను. ఈసారి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆమె మాత్రం టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడింది.

ఆరాధన చివర్లో ఎవరికైనా మనవులుంటే లేచి చెప్పుకోమంటారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, పొలం తగాదాలవాళ్ళు లేస్తారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేవని డెబోరా ఈ రోజు లేచిందట.

"నా చేతుల కోసం ప్రార్థన చెయ్యండి అనింది, ప్రకాశం అన్నా. పనితనం చేతుల్లోంచి పోతా ఉందంట. మేమందరం భయపడినాం, ఏమన్నా జబ్బేమోనని. ముప్పై మందిమి మోకాళ్ళ మీద ప్రార్థన చేసినాం. మీరన్నా ఆస్పత్రికి తీసకపోండి."

నేను ఏమీ వాదించలేదు. ముప్పై మంది మోకాళ్ళ మీద కూర్చుని ఆకాశాన్ని అడుగుతున్న ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. మూడు తేదీలు, ఒక గేరు.

ఆమె వెళ్ళాక షెడ్డులోకి పోయాను. డెబోరా బల్ల దగ్గర ప్లగ్గులు తుడుస్తూ ఉంది. ఏదో "యంత్రానికీ మనిషికీ ఉన్న సంబంధంలో" అని మొదలుపెట్టాను. అది తలెత్తి చూసింది. ఆ వాక్యం అక్కడే వదిలేశాను.

"కారు నేను తీసుకుపోయినాను. ఐదో గేరులో, నలభైలో తొక్కినాను. మూడుసార్లు. పేలాల శబ్దం వచ్చింది."

"ఏయే దినాలు?"

"పదమూడు, పదిహేను, పదహారు."

మనసులో లెక్క వేసుకుంది. పదకొండున అన్నీ సమానం, పద్దెనిమిదిన నడిమిది పడిపోవడం. గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. దాని ముఖంలో మొదట కనిపించింది కోపం కాదు. బరువు దించుకున్నవాళ్ళ ముఖం అలా ఉంటుంది. కోపం తర్వాత వచ్చింది.

"ఇంజను పోతే పోయిందిలే, ఇనుము. పదకొండు దినాలు నా చేతుల్ని నేను నమ్మలేదన్నా. పక్కనే కూర్చోని చూస్తా ఉండావు."

చిన్నది క్షేమమని నిజంగా నమ్మానని చెప్పాను.

"రాడ్ల గురించి చెప్పినాను నీకు. చిన్నది కిందనే ఒక్కసారిగా ఒత్తతాది. ఈ ఇంజను రాడ్లు సన్నం, తక్కువ చుట్ల మీద ఆ దెబ్బకి వంగతాయి. పెద్దదయితే ఆ చోట లేవనే లేవదు, నువ్వు ఎట్టా తొక్కినా ఏం కాదు. చెప్పినాను. నువ్వు తలూపినావు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

మడిచిన గుడ్డను డెబోరా మళ్ళీ విప్పింది. హైవే మీద కంటైనరు లారీల వరస ఒకటి పోయింది.

"ఆ దినం నీకు ఆ కాగితం వచ్చింది గదా. అన్నం కలిపి పెట్టుకోని, ఒక్క ముద్ద తినకుండా కూర్చోనుండావు. ఒక్కటన్నా గెలవనీలే అనుకున్నా. చిన్నదాన్ని జాగ్రత్తగా తోలుకుంటే నడిపించుకోవచ్చు అనుకున్నా. నేను తోలితే గదా."

జూన్ 30, సోమవారం

ఇంజను విప్పింది. నడిమి రాడ్డు తీసి గాజు పలక మీద పెట్టి, కింద కాగితం దూర్చి చూపించింది. వంపు కంటికి కనపడదు. కాగితానికి తెలుస్తుంది. ఆ వంపు వల్లే పిస్టన్ పైదాకా రాక ఒత్తిడి తగ్గిందట. ఇవే రాడ్లు మళ్ళీ వేస్తే మళ్ళీ వంగుతాయి. గట్టివి చెన్నైలో చేయించాలి, నెల పైన పడుతుంది. జూలై 6 పోయింది. జనవరిలో ఇంకో పోటీ ఉంది.

ఫోనులో పెద్ద టర్బోకి ఆర్డరు చెప్పేసింది. నన్ను అడగలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

తప్పు ఎవరిది? టర్బోది చిన్నతనం, పాదం నాది. పెద్దది పెట్టి ఉంటే నా పాదం ఏమీ చేయలేకపోయేది. నేను తోలకపోయి ఉంటే చిన్నదీ నడిచేది. రెండు వైపుల నుంచీ వచ్చినా దారి నా దగ్గరికే చేరుతోంది. ఎక్కడో తర్కంలో పొరపాటు ఉండాలి.

జూలై 2

నరేంద్రబాబుకు డెబోరా తనే ఫోను చేసింది. వ్యాను వచ్చింది. బోల్టులు ఒక్కసారే బిగించింది.

నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది.

జూలై 6, ఆదివారం

ఈ రోజు పోటీ. చర్చికి పోకుండా షెడ్డులోనే ఉంది. పదకొండింటికి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది. రేవు వర్క్‌షాప్‌లో ఇలాంటిది ఉండేదట, తన షెడ్డులోనూ అదే పద్ధతి పెట్టుకుంది. ఏ బండిలో ఏది విరిగినా, విరగ్గొట్టినవాడే తన చేత్తో రాయాలి. ఎప్పుడు, ఏం చేశాడు, ఏం విరిగింది. ఎందుకు అన్నది రాయకూడదు.

"కారణం రాసినోడు మళ్ళీ విరగ్గొడతాడు," అన్నాడట వాళ్ళ ఫోర్‌మన్. సిద్ధాంతంగా ఇది పరమ తప్పు. కారణం లేకుండా చరిత్రే లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. అది అప్పటికే ఇంజను దగ్గరికి వెళ్ళిపోయింది.

మొదటిసారి నాలుగు పేజీలు వచ్చింది. డెబోరా చదవకుండానే, మందం చూసి, చింపేసింది. రెండోసారి ఒక పేజీ. "కాబట్టి" అన్న చోట వేలు పెట్టి చూపించి చింపేసింది. మూడోసారి పెట్రోలు పొదుపు గురించి ఒక్క వాక్యమే ఉంచాను. ఒక్క వాక్యం. అదీ పోయింది. పెంచలకృష్ణ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "సార్, రేవులో మా వాళ్ళు, అక్షరం సరిగా రాని నిశానీలు కూడా దీంట్లో మూడు ముక్కల్లో ముగించేవాళ్ళు," అన్నాడు.

నాలుగోసారికి ముందు, ఇదే పద్ధతిలో నా సంగతి రాస్తే ఎలా ఉంటుందోనని ఈ డైరీ వెనక పేజీలో రాసి చూశాను. మే 3, సంఘం కార్యవర్గ సమావేశం. సభ్యురాలు వనజాక్షి మాట్లాడుతుండగా అడ్డం పడ్డాను. మళ్ళీ అడ్డం పడ్డాను. ఆమె ఏడ్చింది. నన్ను సంపాదకత్వం నుంచి తీసేశారు. ఇన్నాళ్ళూ ఈ డైరీలో రాజీనామా అని రాసిన చోటల్లా కొట్టేయాలి. చేయి రాలేదు.

తర్వాత రిజిస్టరులో ఇలా రాశాను:

"జూన్ 13, 15, 16. తెల్ల కారు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటరు అడుగు దాకా తొక్కాను. ఇంజనులో శబ్దం వచ్చింది. మళ్ళీ తొక్కాను. ఎవరికీ చెప్పలేదు. నడిమి రాడ్డు వంగింది. జ్ఞానప్రకాశం."

డెబోరా చేతులు తుడుచుకుని వచ్చి నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది. చింపలేదు.

"గేరేదన్నా?" అంది.

మర్చిపోయానని చెప్పబోయాను. మర్చిపోలేదు. నలభైలో తొక్కడం ఎవరైనా చేసే పనే. గేరు రాస్తేనే అది నేను చేసిన పని అవుతుంది. అది పెన్ను నా చేతికిచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. అక్కడ ట్రాకు మీద ఈపాటికి దాని వంతు వచ్చి ఉండేది.

వాక్యం పైన, ఇరుకులో, "ఐదో గేరులో" అని చేర్చాను. డెబోరా ఆ ముక్క మీద వేలు ఆనించి సిరా ఆరిందో లేదో చూసి, నా పేరు కింద తన సంతకం పెట్టింది.